నాయిన కూర్చున్న తీరు

నా చేతులు ఊరికే ఉండవు. బస్సులో కూర్చున్నా టికెట్టును మడిచి ఏదో ఒక ఆకారం చేస్తుంటాను. పైగా నాకు ముక్కు మీదే కోపం. రెండూ నాయిన పోలికే అంటుంది మా అమ్మ. కానీ నాయిన తన కోపాన్ని బతుకంతా దిగమింగుకున్నాడు, నేను మింగను.

కంచు బొమ్మలు చేయడం నా పని. నల్లగొండలో, పానగల్ పోయే దారిలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాను. తెలంగాణ వచ్చాక ఊరూరా విగ్రహాలకు గిరాకీ పెరిగింది. దండలు వేయించుకునే పెద్దల బొమ్మలే నాకు అన్నం పెడుతున్నాయి. మొన్న ఎండాకాలం మాత్రం హైదరాబాదులో ఒక ప్రదర్శనకు నాకు నచ్చిన బొమ్మ పంపమన్నారు. వెనకాముందు చూడకుండా నాయినను మొదలుపెట్టాను.

మూరెడు బొమ్మ, ముందుగా మైనంతో. గొంతుక్కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి ఉంటాడు. చిన్నప్పుడు నేను ఎక్కువగా చూసిన నాయిన రూపం అదే. ఆ రోజు ఏ చెలకలో పనికి పోవాలో పటేలు చెప్పేదాకా, పొద్దున్నే ఆ పటేలు ఇంటి అరుగు కింద అట్లా కూర్చునేవాడు. ఆ వీపు వంపు కంటే అందమైన ఆకారం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఎండాకాలం మైనంతో పని నరకం. మధ్యాహ్నం కాగానే మెత్తబడి మెడ వాలిపోయేది. తడిగుడ్డ కప్పి, చల్లబడ్డాక మళ్ళీ సరిచేసేదాన్ని. మైనం బొమ్మకు మట్టి పూసి బట్టీలో కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కంచు పోస్తారు. ఆ తర్వాత నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టలేము, కూర్చున్న మనిషిని లేపలేము. అందుకే మట్టి పూయకముందే ఒకసారి చూసిపొమ్మని నాయినను పిలిచాను. నకిరేకల్ దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు.

బొమ్మ చుట్టూ తిరిగాడు. మెచ్చుకుంటాడని నేను ఎదురుచూస్తున్నాను.

"బొమ్మ మంచిగనే ఉంది బిడ్డా. గని నన్ను ఇంకా గా అరుగు కిందనే కూసోబెట్టినవ్."

అరుగు చేయలేదు కదా అన్నాను. ఆ మెడ ఎవరి దిక్కు చాచి ఉందో తనకు తెలుసన్నాడు. "గిప్పుడిప్పుడే మరిచిపోతున్న. కంచుల పోసినంక ఇగ ఎన్నడు లేస్త?"

నాకు ఒళ్ళు మండింది. ఇది నా పని, నా చిన్నతనం, నాకు కనబడ్డట్టు చేస్తానని అరిచాను. నాయిన బయటికి పోయి వేపచెట్టు నీడన నిలబడ్డాడు. నేను షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. ఒకసారి ఆయన మాటే నిజమనిపించేది, మరుక్షణం బొమ్మే నిజమనిపించేది.

చిన్నప్పుడు ఒక పొద్దున ఆ అరుగు కింద నేనూ ఆయన పక్కన అట్లాగే గొంతుక్కూర్చున్నాను. నాయిన నా రెక్క పట్టి విసురుగా లేపి నిలబెట్టాడు. తప్పేం చేశానో తెలియక ఏడ్చాను. ఇప్పుడు నాకు తెలుసు. నేనైతే అక్కడ కూర్చోగూడదు గానీ, ఆయన ఎప్పటికీ కూర్చోవాలా?

మైనం గిన్నెను పొయ్యి మీద పెట్టి బొమ్మను ముక్కలుగా కోసి అందులో వేశాను. మెడ కరుగుతుంటే ఏడుపు ఆగలేదు. అంత మంచి పని మళ్ళీ నా చేతికి వస్తుందో రాదో.

తర్వాత నాయినను లోపలికి పిలిచి ప్లాస్టిక్ కుర్చీ వేశాను. అంగీ గుండీలన్నీ పెట్టుకుని, ఆధార్ ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. చేయి ఆడలేదు. మాటల్లో పెడదామని పత్తి సంగతి అడిగాను. పురుగు గురించి, మందుల దుకాణాల మోసం గురించి చెప్తూ చెప్తూ వేడెక్కాడు. తనకు తెలియకుండానే కాళ్ళు పైకి లాక్కుని కుర్చీలోనే గొంతుక్కూర్చున్నాడు. మెడ మాత్రం ఎవరి దిక్కూ చాచలేదు.

మళ్ళీ అట్లాగే కూర్చున్నావు, కాళ్ళు కిందికి పెట్టు నాయినా అన్నాను.

"ఎందుకు పెడ్త? గిది నా బిడ్డ జాగా. నా ఇష్టమున్నట్టు కూసుంట."

మైనం ఇంకా పూర్తిగా చల్లారలేదు. చేతులు చురుక్కుమంటున్నా ఆగలేక ముద్ద తీశాను.