చప్పుడు లేకుండా దిగడం

టోర్గున్ మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతుంది. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంటుంది, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, రెండూ ఒక మెట్టు మీద చేరాక తర్వాతి మెట్టు. ఆవిడ ఉద్యోగం ఫెర్రీలో కాబట్టి మెట్లకి కరువు లేదు. మా ఊరు స్కార్‌నెస్ నుంచి అవతలి గట్టుకి కార్లు మోసుకెళ్ళే ఫెర్రీలో, వచ్చిన కార్లని ఏ వరసలో నిలపాలో చేతులతో చూపించడం ఆవిడ పని. రెండు చేతులూ తనవైపు లాక్కుంటే ముందుకి రమ్మని. అరచెయ్యి చూపిస్తే ఆగమని. ఆ అరచెయ్యి చూసి ఆగని కారు మా ఊళ్ళో లేదు. పొరుగు దేశం నుంచి వచ్చిన పెద్ద బస్సుల డ్రైవర్లు కూడా, ఎందుకో తెలియకుండానే, టోపీ సర్దుకుని ఆగుతారు.

మంగళ, గురువారాల సాయంత్రం ఆవిడ ఫెర్రీలో వేసుకునే నారింజ రంగు కోటుతోనే ఊరి ఆటల హాలుకి వచ్చి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, పదహారేళ్ళ లోపు అమ్మాయిలకి హ్యాండ్‌బాల్ నేర్పేది. జీతం లేదు. మా ఊళ్ళో ఇలాంటి పనులకి జీతం ఉండదు, కాఫీ ఉంటుంది. నేను ఆ జట్టులో రెండో గోల్‌కీపర్ని. మొదటి గోల్‌కీపర్ ఆరోగ్యం చాలా బాగుండేది కాబట్టి, నాకు టోర్గున్‌ని తీరిగ్గా గమనించే అవకాశం దొరికింది.

మొదటి అరగంట మాకు బంతి కనిపించేది కాదు. గెంతడం, దిగడం. ఒంటికాలి మీద నిలబడి పక్కనున్నవాళ్ళు తోసినా పడకుండా ఉండడం. మళ్ళీ గెంతడం, మళ్ళీ దిగడం. దిగేటప్పుడు మోకాళ్ళు వంగాలి, లోపలికి వాలకూడదు, చప్పుడు రాకూడదు. ఇది నేర్పేటప్పుడు టోర్గున్ మమ్మల్ని చూసేది కాదు. గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు, ఆవిడకి కోపం వచ్చిందనుకుని బెంగపడేవారు. కోపమేం కాదు. వింటోంది.

"బెర్గ్‌లియోట్, నువ్వు దిగుతున్నావా, బియ్యం బస్తా దించుతున్నావా?" అనేది గోడతో.

కళ్ళు మోసం చేస్తాయని ఆవిడ నమ్మకం. జుట్టు ఎగురుతుంటే, నవ్వుతుంటే, ఎవరు గెంతినా చూడ్డానికి బాగానే ఉంటుంది. పాదం నేలని ఎలా తాకిందో చప్పుడే చెబుతుంది. పద్ధతిగా దిగితే మోకాలు బరువు పంచుకుంటుంది, లేకపోతే మోకాలే ఆ బరువంతా మింగుతుంది.

నొప్పికీ అలసటకీ తేడా కూడా ఆవిడే నేర్పింది. అలిసిపోయానంటే, అందరూ అలిసిపోయారు అనేది. నొప్పి అంటే ఆట ఆపి వచ్చేది. భోజనం మానేసి సన్నబడదామని చూసిన అమ్మాయిని పట్టుకోవడానికి ఆవిడకి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మూడో పరుగులో పాదం ఈడ్చిన చప్పుడు వినగానే, కోటు జేబులోంచి గోధుమ రంగు చీజ్ పెట్టిన రొట్టె తీసి ఇచ్చేది. ఆ రొట్టెకి ఫెర్రీ డీజిల్ వాసన ఉండేది. అది తినడం కంటే ఇంట్లో అన్నం తినడమే నయమని అందరికీ త్వరగానే అర్థమయ్యేది.

మా జట్టు ఖర్చులన్నీ టాయిలెట్ పేపర్ మీద నడిచేవి. ఇరుగుపొరుగు క్లబ్బులన్నిటిదీ అదే పద్ధతి. పిల్లలు ఇంటింటికీ తిరిగి పెద్ద పెద్ద బస్తాలు అమ్ముతారు, వచ్చిన దాంతో టోర్నమెంట్లకి వెళతారు. ఆ బస్తాలు హాలు వెనకాల కొట్లో ఉండేవి. మధ్యలో విరామం వచ్చినప్పుడు మేం వాటి మీద కూర్చునేవాళ్ళం. అందుకే మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఆ రోల్స్ కాస్త అణిగి ఉంటాయి. ఎవరూ ఏమీ అనుకోరు.

జట్టులో అందరికంటే బాగా ఆడేది ఇంగెలిన్. వాళ్ళ నాన్న ఆర్న్‌ఫిన్ అదే ఫెర్రీకి కెప్టెన్. అంటే పగలు టోర్గున్‌కి పై అధికారి. ఇంగెలిన్ కుడికాలి మీద లేస్తే, అవతలి జట్టు వాళ్ళు చేతులు పైకెత్తి, ఆమె ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూసేవారు. ఒక వేసవి టోర్నమెంట్‌లో అలాగే లేచింది. గాల్లో ఎవరిదో భుజం తగిలింది, ఎడమకాలి మీద దిగింది. ఆ చప్పుడు హాల్లో అందరికీ వినబడింది. ఎడమ మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. జులైలో ఆపరేషన్ చేశారు.

నగరంలో ఉన్న ఫిజియోథెరపిస్టు రెండు షరతులు పెట్టింది. తొమ్మిది నెలలు నిండాలి. రెండు కాళ్ళూ సమానంగా గెంతగలగాలి. నగరానికి వెళ్ళాలంటే రెండు ఫెర్రీలు మారాలి కాబట్టి, గెంతే పరీక్ష వారం వారం హాల్లోనే పెట్టి, సమానమయ్యాక ఆడనివ్వమని టోర్గున్‌కి అప్పగించింది. కొలతకి టోర్గున్ టాయిలెట్ రోల్స్ వాడింది. కొట్లోంచి ఒక బస్తా తెచ్చి, గెంతే దారికి పక్కన రోల్స్‌ని వరసగా పేర్చింది. ఒంటికాలి మీద గెంతి, అదే కాలి మీద దిగి, కదలకుండా నిలబడాలి. ఏ రోల్ దగ్గర దిగిందో మేం చూసి చెప్పాలి. ఆవిడ మాత్రం గోడవైపే తిరిగి ఉండేది.

చలికాలమంతా ఎడమకాలు వెనకబడే ఉంది. మార్చిలోనూ వెనకబడే ఉంది. ఏప్రిల్ చివర్లో ఉన్న మ్యాచ్‌కి జిల్లా జట్టు ఎంపికవాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. ఇంగెలిన్ వయసుకి అది ఆఖరి ఎంపిక. అప్పటికి తొమ్మిది నెలలూ నిండిపోతాయి. ఇక మిగిలింది ఎడమకాలు.

ఇంగెలిన్ బడికి వెళుతూ ఒంటికాలి మీద నిలబడి బస్సు కోసం చూసేది. బస్సులో కూడా ఒంటికాలి మీదే నిలబడేది, డ్రైవరు కూర్చోమనేదాకా. ఆర్న్‌ఫిన్ ఫెర్రీలో కాఫీ తాగేటప్పుడు, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా, ఎడమకాలి సంగతి ఎత్తేవాడట. టోర్గున్ కూడా వాతావరణం గురించి చెప్పినట్టే, ఇంకా తేటపడలేదు అనేదట.

మ్యాచ్ ముందు మంగళవారం ఆర్న్‌ఫిన్ యూనిఫాంతోనే హాలుకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. టోర్గున్ రోల్స్ పేర్చి గోడవైపు తిరిగింది. ఇంగెలిన్ ఎడమకాలి మీద గెంతింది. మెత్తగా దిగింది, నిలబడింది. మేం రోల్ చూశాం. తర్వాత కుడికాలి మీద గెంతింది. మెత్తగా దిగింది, నిలబడింది. మళ్ళీ అదే రోల్. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. రెండు కాళ్ళూ ఒకే రోల్ దగ్గర. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఆర్న్‌ఫిన్ లేచి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

టోర్గున్ ఇంకా గోడనే చూస్తోంది.

"ఇంగెలిన్, కుడికాలు కూడా నొప్పి పుడుతోందా?"

"లేదు."

"మరి ఎడమకాలికి అంత మర్యాద ఎందుకు చేస్తోంది?"

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు, ఇంగెలిన్‌కి తప్ప. ఆమె మెడ ఎర్రబడింది. టోర్గున్ అప్పుడు ఇటు తిరిగి, చెప్పాల్సింది తక్కువ మాటల్లో చెప్పింది. ఇంగెలిన్ కుడికాలి మీద లేచినప్పుడు బూటు నేల మీద కీచుమంటుంది, తర్వాత ఒక ఊపిరి పట్టేంత సేపు ఏమీ వినబడదు, అప్పుడు దిగుతుంది. పన్నెండేళ్ళప్పటి నుంచీ అంతే. ఇవాళ కీచుమనలేదు. ఆ ఊపిరి పట్టేంత ఖాళీ కూడా లేదు. ఎడమకాలు ఎంత దూరం పోగలదో చూసుకుని, కుడికాలిని అక్కడే దించుతోంది.

"సమానం కావాలంది ఫిజియో. అయ్యాయిగా," అన్నాడు ఆర్న్‌ఫిన్.

"పైకి రావాల్సింది ఎడమది. కిందికి దిగొచ్చింది కుడిది. అలా చూస్తే నా కాళ్ళు కూడా సమానమే ఆర్న్‌ఫిన్. రెండూ గెంతలేవు."

టోర్గున్ కుడికాలి మీద మరోసారి గెంతమంది. ఇంగెలిన్ చాలాసేపు రోల్స్ వైపు చూసింది. తర్వాత గెంతింది. బూటు కీచుమంది. ఆమె దిగిన చోటికి పక్కన రోల్స్ లేవు, వరస అయిపోయింది. టోర్గున్ అరచెయ్యి చూపించింది. ఫెర్రీలో చూపించే అరచెయ్యే.

ఆర్న్‌ఫిన్ కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఫెర్రీలో కాఫీ బంద్. బయల్దేరే ముందు, కార్లు ఎక్కే వాలుబల్ల ఎత్తేశారా అని తెలుసుకోవడానికి, వైర్‌లెస్‌లో "ర్యాంపు?" అని అడిగేవాడు. "మూశాను," అని టోర్గున్ చెప్పేది. ఇద్దరి మధ్యా మాటలంటే ఆ రెండే. పైగదిలోంచి కెప్టెన్‌కి కింద ర్యాంపు కనబడదు కాబట్టి ఆ రెండు మాటలూ తప్పించుకోలేకపోయాడు.

మ్యాచ్‌లో మేం బాగా ఓడిపోయాం. ఇంగెలిన్ బల్ల మీద నా పక్కన కూర్చుంది. నేను ఆ బల్లకి పాతకాపుని కాబట్టి ఎక్కువ మెత్తగా ఉన్న వైపు ఆమెకి వదిలాను. ఎంపికవాళ్ళు బెర్గ్‌లియోట్ పేరు రాసుకున్నారు. ఎడమచేత్తో బాగా వేస్తుందట. ఆ సంగతి బెర్గ్‌లియోట్‌తో సహా మాకెవరికీ అంతగా తెలియదు. ఆట అయ్యాక ఇంగెలిన్ కొట్లోకి వెళ్ళి బస్తాల మీద పడుకుని ఏడ్చింది. టోర్గున్ వెళ్ళి పక్క బస్తా మీద కూర్చుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇంగెలినే నాకు చెప్పింది.

టోర్గున్ మోకాలు ఎప్పుడూ నొప్పేనా అని ఇంగెలిన్ అడిగిందట.

"మెట్లు దిగేటప్పుడే," అందట టోర్గున్.

ఫెర్రీలో అన్నీ మెట్లేగా అందట ఇంగెలిన్. టోర్గున్ ఔనని, ఆమె చేతిలో రొట్టె పెట్టిందట. ఇంగెలిన్ దాన్ని తినేసింది. ఎంత ఏడ్చిందో మాకు అప్పుడు అర్థమైంది.

మే నెలలో ఒక పొద్దున, ఫెర్రీ గట్టు వదిలాక, టోర్గున్ ఏదో కాగితం ఇవ్వడానికి కెప్టెన్ గదికి వెళ్ళి తిరిగి దిగుతోంది. పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ. ఆర్న్‌ఫిన్ ఆ దిగడాన్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. ఆ పొద్దునే మొదటిసారి అడిగాడు.

"నీ మోకాలికి ఏమయింది?"

"పదిహేడేళ్ళప్పుడు ఒక ఫైనల్ ఆడాను. దానికి మూడు వారాల ముందు మోకాలు మెలితిరిగింది. పట్టీ చుట్టుకుని, ఏం లేదని చెప్పి ఆడాను."

"గెలిచారా?"

"గెలిచాం."

ఆర్న్‌ఫిన్ చుక్కాని వైపు చూశాడట. ఆ గెలిచిన కప్పు ఇప్పుడెక్కడుందని అడిగాడు. పాత హాలు పడగొట్టినప్పుడు ఎక్కడో పోయిందని టోర్గున్ చెప్పింది. చెప్పి, తర్వాతి మెట్టు దిగింది. ఆ రోజు రెండో ట్రిప్పులో, ర్యాంపు మూశానని చెప్పాక వైర్‌లెస్‌లో మరో మాట వినబడింది: "పైన కాఫీ ఉంది." కాసేపటికి ఇంకొకటి: "ఉండు. నేనే తెస్తాను."

ఇంగెలిన్ వేసవంతా గెంతింది. పడవల రేవు దగ్గర, బడి వెనకాల, వాళ్ళ అమ్మమ్మ బంగాళాదుంపల చేను గట్టు మీద. ఇప్పుడు కుడికాలు ఎంత దూరం పోగలదో అంత పోనిచ్చేది. ఎడమకాలు దాని వెనకాల వచ్చేది. ఒక్కోవారం రోల్‌లో సగం దూరం దగ్గరయ్యేది. కొన్ని వారాలు అదీ లేదు. అలాంటి వారాల్లో ఆమెతో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. జిల్లా జట్టు ఊసు ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. బెర్గ్‌లియోట్ మాత్రం జిల్లా జట్టు జాకెట్ మా మధ్యకి వేసుకురావడం మానేసి, సంచిలో పెట్టుకుని తిరిగేది.

వేసవికి మూసిన హాలు ఆగస్టులో తెరిచారు. మొదటి మంగళవారం టోర్గున్ రోల్స్ పేర్చింది. ఈసారి వరస పొడుగ్గా ఉండేలా రెండు బస్తాలు విప్పింది. ఆర్న్‌ఫిన్ వచ్చాడు కానీ బల్ల మీద కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాడు. టోర్గున్ గోడవైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకుంది.

బూటు కీచుమంది. తర్వాత ఏమీ వినబడలేదు. మళ్ళీ బూటు కీచుమంది. మళ్ళీ ఏమీ వినబడలేదు. మేం రోల్స్ వైపు చూశాం, రెండుసార్లూ ఒకే రోల్, పాత వరసకి అవతల. చెప్పడం మరిచిపోయి ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

టోర్గున్ తల కాస్త పక్కకి వంచింది.

"లేచావు సరే. ఎప్పుడు దిగుతావు?" అంది గోడతో.

"దిగాను," అంది ఇంగెలిన్.

"రెండో కాలు?"

"అదీ అయిపోయింది."

టోర్గున్ వెంటనే ఇటు తిరగలేదు. గోడ మీద చూడ్డానికేమీ లేదు, మంటలొస్తే ఎటు పోవాలో రాసిన బోర్డు తప్ప. ఆవిడ దాన్ని మొత్తం చదివినంత సేపు నిలబడింది. అప్పుడు తిరిగి, రోల్స్ వైపు కూడా చూడకుండా, రెండు చేతులూ పైకెత్తి తనవైపు లాక్కుంది.

సైగ ఇంగెలిన్‌కే. కానీ మేమందరం ముందుకి నడిచాం. తలుపు దగ్గర నిలబడ్డ కెప్టెన్ కూడా.