మూడు నట్ల మీద ప్రయాణం

మొన్న విజయనగరంలో మా కారు టైరు మార్పించుకుందామని ఒక కొట్టు ముందు నిలబడ్డాను. పక్కన ఒకాయన తుప్పు పట్టిన బోల్టు మీద కిరసనాయిలు పోస్తున్నాడు. ఈ రోజుల్లో ఎక్కడ సంపాదించాడో గాని, తుప్పూ కిరసనాయిలూ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే నేను వచ్చిన పని మరిచిపోయాను. చిన్నతనం అంటే కొందరికి మల్లెపూల వాసన, కొందరికి కొత్త బెల్లం వాసన. నాకు మాత్రం ఇదీ. చెబితే నవ్వుతారు, పూర్తిగా విన్నాక నవ్వరు.

మాది సాలూరు. మా వీధిలో కోళ్ళకంటే ముందు లారీలు లేచేవి. వేసవి వస్తే ముంజెలు, పనసతొనలు, కొండదారి ఘాటీ దిగి వచ్చిన లారీల్లోంచి మా వాకిట్లో పడే అనాసపళ్ళు. వానలు వస్తే గాలి నింపిన పాత ట్యూబుల మీద వేగావతి ఏట్లో తేలడాలు, అరిగిపోయిన బేరింగులకి పుల్ల తగిలించి వీధి ఈ చివర్నించి ఆ చివరికి దొర్లించడాలు. దసరాకి లారీలన్నిటినీ ఏట్లో కడిగి, పసుపు రాసి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. మా అమ్మ వేసిన బూరెల్లో మొదటిది నాన్న బండి బానెట్టు మీద పెట్టాకే మాకు దక్కేది. బండి తినదు కదా, ఆ బూరె కోసం పిల్లలం జుట్లు పట్టుకునేవాళ్ళం.

నాన్న లారీ డ్రైవరు. బండి తీసే ముందు జానెడు ఇనుపకడ్డీ పుచ్చుకుని ప్రతి చక్రం దగ్గరా కూర్చుని ఒక్కో నట్టునీ కొట్టి వినేవాడు. బిగువుగా ఉన్న నట్టు టంగుమంటుంది, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. వీధిలో అందరు డ్రైవర్లూ అదే పని చేసేవారు కాబట్టి తెల్లారేసరికి మా వీధంతా కంచరివాళ్ళ వీధిలా మోగిపోయేది. ఎవరైనా ఆ పని ఎగ్గొడితే నాన్న ఊరుకునేవాడు కాదు. "నట్టు సూడనోడు డ్రైవరేట్రా?" అని నలుగురిలో కడిగేసేవాడు. ఆయన నోటికి ఊరంతా భయపడేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అద్దెలకి తిప్పుదామని నాన్న ఒక పాత తెల్లకారు కొన్నాడు. అదే వేసవిలో అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మొదటి పురుటికి మా ఇంటికి వచ్చింది. నెలలు నిండాయి. సోమవారం పొద్దున్నే విజయనగరం ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం చూస్తే కారు ముందు ఎడమ చక్రం గాలి దిగిపోయి ఉంది.

అమ్మా చిన్నమ్మా లోపల కునుకు తీస్తున్నారు. నేను అరుగు మీద చింతపిక్కలాడుకుంటున్నాను. నాన్న చక్రానికి పానా వేసి తిప్పాడు. నట్టు కదల్లేదు. కిరసనాయిలు పోశాడు, కాసేపు ఆగాడు, పానాకి బారెడు ఇనుపగొట్టం తొడిగి దాని మీద నిలబడి తొక్కాడు. టప్పుమంది. నట్టు వదలలేదు, బోల్టు విరిగింది. రెండోదీ అలాగే విరిగింది. అప్పుడు ఆగాడు. ఆగి, తన చేతులకేసి చూసుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో మా లారీలకి ఎడమవైపు చక్రాల మరలు తిరగేసి ఉండేవి. కుడికి తిప్పితేనే ఊడతాయి. కారుకి రెండువైపులా ఒకటే మర, ఎడమకే తిప్పాలి. ఇరవయ్యేళ్ళ లారీ అలవాటులో నాన్న ఊడదీస్తున్నాననుకుని బిగిస్తూ పోయాడు. ఊళ్ళో ఎవరికి తెలిసినా ఏడాదిపాటు నవ్వుకుంటారు.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. "మీయమ్మకి సెప్పకే," అన్నాడు. తిట్టలేదు, బతిమాలాడు. నాన్న నన్ను బతిమాలడం అదే మొదలు. చెప్పనని తలూపాను. మిగిలిన మూడు నట్లూ సరైన వైపు తిప్పి ఊడదీసి, వేరే చక్రం వేసి, ఆ మూడే బిగించి, పైన గుండ్రటి రేకు మూత కొట్టేశాడు. విరిగిన ముక్కలు వెనకవైపు పెరట్లోకి పారేశాడు.

సోమవారం పొద్దున్న చిన్నమ్మకి దిష్టి తీసి బయల్దేరదీశారు. వీధంతా వచ్చి నిలబడింది. నాన్న కడ్డీ ముట్టుకోలేదు. అమ్మ గుమ్మంలో ఆగింది.

"ఏటయ్యా, నట్లు కొట్టనేదేటి?"

"కారే కదే. లారీ కాదు కదా. ఎక్కండెక్కండి."

అమ్మ ఇంకొంచెంసేపు నిలబడి చిన్నమ్మని ఎక్కించింది, తనూ ఎక్కింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నాన్నకి ఇచ్చిన మాట ఒకటి, నాన్నంటే భయం ఒకటి, అన్నిటికీ మించి నాన్న తప్పు చెయ్యడన్న నమ్మకం ఒకటి.

రామభద్రపురం దాటాక కారు ముందుభాగం దడదడలాడింది. నాన్న స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. మెల్లగా పక్కకి తీసి ఆపి, మూత పీకి, అక్కడే చతికిలబడిపోయాడు. మూడో బోల్టు కూడా తెగింది. మిగిలిన రెండు నట్లూ చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. మరో అరమైలు పోతే ఏమయ్యేదో ఈ రోజుకీ ఊహించలేను. చిన్నమ్మ చింతచెట్టు కింద పొట్ట పట్టుకుని కూర్చుంది. నొప్పులు మొదలయ్యాయి.

వెనకనించి సాలూరు లారీ ఒకటి వచ్చి ఆగింది. మా వీధి ఆయనే. "ఏటైనాది బావా?" అని దిగాడు. రోడ్డు బాగులేదనొచ్చు, పాత కారనొచ్చు. నాన్న లేచి నిలబడ్డాడు.

"నాదే తప్పు. ఎడంపక్క కదా అని లారీ లెక్కన తిప్పీసేను. నిన్ననే ఇరిగిపోనాయి. సిగ్గేసి దాసీసేను." చిన్నమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ పానం మీదకి తెచ్చేను," అని రెండు చేతులూ జోడించాడు.

చిన్నమ్మ నొప్పిలోనే, "పోనీలే బావా, సెప్పినావు కదా," అంది. ఆమెనీ అమ్మనీ లారీ ముందు గదిలోకి ఎక్కించుకుపోయారు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.

రెండ్రోజుల తర్వాత నాన్న మా వాకిట్లోనే, పట్టపగలు, లారీ మీద వేసి తెచ్చిన కారుని దుంగల మీదకి ఎత్తి బోల్టుల పని చేశాడు. చక్రం తీశాడు, బ్రేకు డ్రమ్ము తీశాడు, పాత బోల్టుల్ని సుత్తితో వెనక్కి కొట్టి రాల్చాడు. మిగిలిన రెండూ బాగున్నాయి కదా అని ఎవరో అంటే, మోయరాని బరువు మోసినవి నమ్మకూడదని అయిదింటికి అయిదూ మార్చాడు. కొత్త బోల్టు వెనకనించి దూర్చి, ముందు నాలుగు వాషర్లు పేర్చి, నట్టు బిగిస్తుంటే ఆ బోల్టు కిర్రుకిర్రుమంటూ గూట్లోకి వచ్చి కూర్చునేది. దారిన పోయేవాళ్ళు ఆగి, "గురువా, ఎడమేటి కుడేటి?" అని ఆటపట్టించారు. ఆయన నవ్వి, ఎటు తిప్పాలో వాళ్ళకే చూపించాడు. ఇంట్లోనో షెడ్డు చాటునో చేసుకోవచ్చు. కావాలనే వాకిట్లో చేశాడు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మా వీధిలో తెల్లారి ఏ చప్పుడూ లేదు. లారీలు ఊరి బయటికి పోయాయి, నట్లు మిషను బిగిస్తోంది, కడ్డీ పుచ్చుకుని చెవి ఒగ్గి వినేవాడు ఒక్కడూ కనబడడు.

టైరు కొట్టునించి తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా దాచుకున్నది చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు ముందే నాకు తెలుసు. విరగ్గొడుతుంటే చూశాను."

అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. "నాకూ తెలుసే. తెల్లారి కళ్ళాపి జల్లుతుంటే పెరట్లో విరిగిన బోల్టులు అగుపించినాయి. అందుకే కదా గుమ్మంలో అడిగేను. ఆయనే సెప్తాడని సూసేను."

"చెప్పలేదు కదే! అయినా చిన్నమ్మని ఎక్కించేశావా? నన్ను ఎక్కించేశావా?"

"ఈదంతా సూస్తన్నాది. అందరిలో ఆ మనిషి పరువు తీయనేకపోనాను."

ఆ కారులో నలుగురం. ముగ్గురికి తెలుసు. తెలియనిది బిడ్డని మోస్తున్న మనిషి ఒక్కర్తికే. నాన్న చింతచెట్టు కింద చెప్పేశాడు, చిన్నమ్మ అక్కడికక్కడే క్షమించేసింది. మేమిద్దరం ఈ రోజుదాకా ఆమె చేత కొత్తచీరలు పెట్టించుకుంటూ, ఆమె వండింది తింటూ వచ్చాం.

ఆ సంగతి ఆమెకి చెప్పేయడానికి రేపు పొద్దున్న ఆమదాలవలస బయల్దేరుతున్నాను. చిన్నమ్మ ఇప్పుడు అక్కడ కూతురి దగ్గరే ఉంటోంది. నువ్వూ రా అని అమ్మని అడిగాను. "సూద్దాంలే," అంటూ అమ్మ పెరట్లోకి వెళ్ళింది.