పేర్లు కదిపింది నేనే

మా కంప్యూటర్ మేడం చనిపోయిందన్న వార్త నాకు బ్యాంకు వరసలో తెలిసింది. పెన్షన్‌దారులం ఏటా ఒకసారి వెళ్లి, ఇంకా బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రావాలి. నా ముందు మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘం కార్యదర్శి నిలబడి ఉన్నాడు. వక్కపొడి నములుతూ వెనక్కి తిరిగాడు.

"ఇన్నవా? నీ కంప్యూటర్ మేడం పోయిందంట. మొన్న మిర్యాలగూడల. గుండెపోటు. నలభై నాలుగేండ్లేనట."

నేను నోరు తెరిచేలోపే పక్కనున్నాయనకు వివరం కూడా ఇచ్చాడు. "గదేనయ్యా, మన రక్తదాతల లిస్టు ఆగం జేసినామె."

నిజం చెప్పుకోవాలి. ఆ వార్త విన్న తొలి క్షణం నాకు దుఃఖం రాలేదు, హమ్మయ్య అనిపించింది. ఇక చెప్పేవాళ్లు లేరు అనుకున్నాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఇక చెప్పేవాణ్ని నేనొక్కణ్నే. నా వయసు డెబ్బై రెండు. నేను కూడా పోతే ఆమె పేరు పక్కన ఆ ఒక్క మాటే ఉండిపోతుంది. యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడలేదు. "వణుకుతున్నది తాతా, జర గట్టిగ పెట్టు" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. నాలుగోసారికి నేను బతికి ఉన్నట్టు తేలింది.

నేను సూర్యాపేటలో గ్రంథాలయ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. తర్వాత కోదాడలో స్థిరపడ్డాను. ఎక్కువ చదివానన్న పొగరు నాకుంది. చదవనివాళ్ల మధ్య బతికానన్న కసి కూడా ఉంది. నా దగ్గరున్న పుస్తకాలు తీసుకుంటారా అని రెండు కాలేజీలను అడిగితే ఒకరు స్థలం లేదన్నారు, ఇంకొకరు చెదలు పడతాయన్నారు. కనీసం వాటి జాబితా అయినా ఇంటర్నెట్‌లో పెట్టాలని అరవై నాలుగో ఏట ఎరువుల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కాను. రెండు గదులు, ఏడు కంప్యూటర్లు, కింది నుంచి యూరియా వాసన.

"ఏం నేర్చుకుంటరు సార్?" అందామె.

"నాలుగు వేల పుస్తకాల జాబితా పెట్టాలి."

"చదివినయా, కొన్నయా?"

ఆ ప్రశ్న అంతవరకు నన్ను అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు. అక్కడే చేరిపోయాను.

ఆమె నేర్పింది పీహెచ్‌పీ. వెబ్ పేజీల వెనక ఉండి పనిచేసే భాష అది. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరొకాయన ఒకనాడు వచ్చి, "ఇంకా పీహెచ్‌పీ చెప్తున్నరా మేడం, పాత సరుకు" అని పిల్లల ముందే నవ్వాడు. "పాతదే సార్, కానీ మీ కాలేజీ వెబ్‌సైటు దాని మీదనే నడుస్తున్నది" అంది ఆమె, చాక్‌పీసు కింద పెట్టకుండానే. ఆ లెక్చరరు ఇప్పుడు హైవే పక్కన ప్లాట్లు అమ్ముతున్నాడు.

ఆ భాషలో సమాచారం దాచుకునే అర్రే అంటే ఏమిటో నాకు బోర్డు మీద అర్థం కాలేదు. మరునాడు ఆమె ఇంటి నుంచి పోపుల డబ్బా తెచ్చింది. మూత తీసి, ఇదే అర్రే అంది. ఒక పెద్ద డబ్బా, లోపల చిన్న గిన్నెలు. మొదటి గిన్నె నంబరు సున్నా. సున్నా నుంచి మొదలయ్యే రిజిస్టరు నా సర్వీసులో చూడలేదని పేచీ పెట్టాను.

"సరే సార్, నంబరొద్దు. గిన్నెకు పేరే పెడదాం. పసుపు అనడుగుతే పసుపే రావాలె. మూడో గిన్నె అనడుగుతే, రేపు ఎవరన్న గిన్నెలు జరిపితే కూరల కారం బదులు పసుపు పడ్తది."

తర్వాత ఒక మాట అంది. దాన్ని అప్పుడు నోట్‌బుక్కులో రాసుకున్నాను, తలకెక్కించుకోలేదు. "ఒక మనిషివన్నీ ఒక్క డబ్బల్నే ఉండాలె సార్. పేరొక దిక్కు, మిగిలినయి ఒక దిక్కు పెడితే ఆ మనిషిని చీల్చినట్టే."

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. ఏ ఫైలు ముట్టుకున్నా ముందు నకలు తీసి తేదీ వేసి పక్కన పెట్టేది. అర్రే లోపల ఏముందో మొత్తం తెర మీద పరిచి, టీ గ్లాసు పట్టుకుని పైనుంచి కిందికి చూసేది. పేర్ల చివర మిగిలిపోయిన ఖాళీలను కత్తిరించేది. "కండ్లకు కనబడదు గాని ఖాళీ కూడ అక్షరమే సార్, ఒక్క ఖాళీతోని మనిషి దొరకకుండ పోతడు" అనేది. ఏ గిన్నె తెరిచినా, అసలు అది ఉందా అని ముందు అడిగే వాక్యం రాయించేది. లేని గిన్నెలో చెయ్యి పెట్టి దెబ్బ తిన్నవాళ్లెవరో ఆమెకు బాగా తెలిసినట్టు ఉండేది ఆ పట్టుదల.

మా సంఘం రక్తదాతల జాబితా పెడతామంటే పేజీ ఆమే రాసిచ్చింది. కోదాడ, హుజూర్‌నగర్, నడిగూడెం, త్రిపురారం, చుట్టుపట్ల ఎవరికి రక్తం కావాలన్నా గ్రూపు నొక్కితే దాతల పేర్లు, ఫోన్లు వస్తాయి. పేజీ అడుగున సాయానికి ఆమె నంబరు. ప్రారంభం రోజు ఫ్లెక్సీ మీద కార్యదర్శి ఫోటో నిలువెత్తున ఉంది, ఆమె పేరు చిన్న అక్షరాల్లో కూడా లేదు. జాబితా చూసుకునే పని నాకప్పగించారు.

ఇక నా సంగతి. ఆ జాబితాలో పేర్లు ఎవరు ముందు చేరితే వాళ్లు ముందున్నట్టుగా ఉండేవి. ముప్పై ఆరేళ్లు కార్డులు అకారాదిగా సర్దినవాడికి అది కంట్లో నలుసు. ఆమె బంధువుల పెళ్లికి నడిగూడెం వెళ్లిన రోజున కూర్చున్నాను. డబ్బాలో డబ్బాలుంటే పేరును బట్టి ఎలా సర్దాలో ఆమె ఇంకా చెప్పలేదు. ఫోన్ చేసి అడగడానికి నామోషీ. అందుకని పేర్లు, ఫోన్లు కలిపి ఒక అర్రేలోకి తీశాను, రక్తం గ్రూపులు ఇంకో అర్రేలోకి తీశాను. పేర్లున్నదాన్ని సర్దమన్నాను. ఒక్క వాక్యం. తెర మీద అ నుంచి హ దాకా పేర్లు బారులు తీరాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! గ్రూపులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ప్రతి మనిషి పక్కన ఇంకొకరి రక్తం. నేను పేర్లే చూశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. సెంటరుకు వెళ్తే తెర ముందు నిలబడే ఉంది.

"సార్, కాన్పుకొచ్చిన పిల్లకు ఓ నెగటివ్ గావాలె. మన లిస్టు చూసి నలుగుర్ని పిలిచిన్రంట. నలుగురు వచ్చిన్రు. టెస్టు చేస్తే ఒక్కరు గూడ ఓ నెగటివ్ కాదు. గంటన్నర పోయింది. లిస్టుల మీరేమన్న చేసిన్రా?"

"లేదు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.  ఆమె కోడ్ తెరిచింది. నేను రాసిన వాక్యం పైన నా చేత్తోనే, గుర్తు కోసం, వ్యాఖ్య కూడా రాసుకున్నాను, అకారాది క్రమం అని, తెలుగులో. ఆ ఊళ్లో కోడ్‌లో అలాంటి మాట రాసేవాణ్ని నేనొక్కణ్నే. ఆమె దాన్ని చూసింది. నా వైపు చూడలేదు. పాత నకలు తీసి ఒక్కొక్క నంబరుకు ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు. ఒకరికి జ్వరం. ఒకరు ఎత్తలేదు. నేను కుర్చీ అంచు పట్టుకుని, ముఖం కూడా తెలియని ఆ పిల్ల కోసం, నా కోసం, ఏది ఎవరి కోసమో తెలియకుండా భయపడుతూ కూర్చున్నాను. ఎనిమిదో ఫోన్‌కు నడిగూడెంలో ఒకతను పొలం గట్టు మీది నుంచే బయల్దేరాడు. పొద్దుగూకే ముందు ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరూ ఉన్నారు.

"ఉన్నరు సార్" అంది ఆమె. అంతే అంది.

పై వారం సూర్యాపేటలో సంఘం సమావేశం. కార్యదర్శి బల్ల గుద్దాడు. "ప్రాణాల తోటి ఆటలా? ఎవరిదీ తప్పు?" గదిలో నలభై మంది. నేను రెండో వరసలో ఉన్నాను. లేవాలనుకున్నాను. లేవలేదు.

"ప్రోగ్రాం నాది" అందామె. "తప్పు జరగనిచ్చింది నా ప్రోగ్రామే."

తిరుగు బస్సులో ఆమె పక్క సీట్లోనే కూర్చున్నాను. బస్సు మునగాల దాటింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ అంది: "మీ వయసుల పేరు ఒక్కసారి పోతే మళ్ల రాదు సార్. నాకు ఇంకా చానా టైమున్నది."

ఆమెకు టైము లేదని ఇప్పుడు తేలింది. అప్పట్లో మాత్రం ఆ మాటను వరంలా తీసుకున్నాను. సెంటరుకు పిల్లలు తగ్గారు. రక్తం లిస్టు తప్పు చేసిన మేడం దగ్గరికి ఎందుకు పంపాలన్నారు తల్లిదండ్రులు. ఏడాది తిరిగేలోపు మూసేసి, భర్త పనిచేసే రైస్ మిల్లున్న మిర్యాలగూడకు వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి నా పుస్తకాల జాబితా ఎందాకా వచ్చిందని అడిగేది. ఆమె పేరు తెరమీద కనబడితే ప్రతిసారీ నా గుండె ఆగిపోయినంత పనయ్యేది. ఈరోజు అడుగుతుందేమో, ఈరోజు చెప్పమంటుందేమో. ఆమె ఎన్నడూ అడగలేదు.

కార్యదర్శి గారు ఇది చదువుతారు. ఆయన చదవకపోతే చదివినవాళ్లు చెబుతారు. అయ్యా, మీ ఫ్లెక్సీని, మీ బల్ల గుద్దుడును నేను మర్చిపోలేదు. కానీ ఆ రోజు గదిలో అందరికంటే తక్కువ మనిషి మీరు కాదు.

బ్యాంకు నుంచి వచ్చిన మూడో రోజు మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్‌లో భయం వేసి దిగిపోయాను. బస్టాండు బెంచీ మీద గంటసేపు కూర్చుని, తిరుగు బస్సు వస్తే లేచి, మళ్లీ కూర్చుని, చివరికి ముందుకే వెళ్లాను.

ఆమె భర్త గుమ్మంలోకి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "రాండి సార్, కూసోండి. మీ గురించి శాన చెప్తుండె." కుర్చీ తుడిచి వేశాడు. నీళ్లిచ్చాడు. ఫోటో ముందు దీపం వెలుగుతోంది. ఆ వైపు చూడకుండా చెప్పేశాను. పేర్లు కదిపింది నేనే. లేదని అబద్ధమాడింది నేనే. అంతా తెలిసి తన మీద వేసుకుంది ఆమె.

అతని ముఖంలో ఏమీ కనిపించలేదు. నన్ను కొడితే బాగుండుననిపించింది.

"ఇంట్ల ఎప్పుడు లొల్లయినా నేను గదే మాటంటుంటి," అన్నాడు చివరికి. "మంది ప్రాణాల మీదికి తెచ్చినదానివి, నువ్వు నాకు చెప్పొస్తవా అని. ఆరేండ్లు అన్న. ఒక్కసారన్న నేను కాదు అనలే."

అల్మారా మీద ఆమె ఫోన్ మోగింది. అతను తీశాడు. "ఆఁ, మేడం నంబరే... లేదమ్మా, ఆమె లేదు." ఆగి విన్నాడు. సంఘం వదిలేసిన ఆ జాబితాను ఆమె ఇంటి నుంచే నడుపుతూ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. అతను ఫోన్‌లో ఆ పేజీ తెరిచి నా చేతిలో పెట్టాడు.

"ఈడి పెద్ద దవాఖానల ఓ నెగటివ్ గావాలంట. సూడు."

కళ్లద్దాలు తుడుచుకోబోతే చేతిలోంచి జారాయి. అతనే తీసిచ్చాడు. గ్రూపు నొక్కాను. మొదటి పేరు త్రిపురారం మనిషిది. ఆ పేరును ఆ గ్రూపును మార్చి మార్చి చూశాను. నా కళ్ల మీద నాకు నమ్మకం లేదు. నంబరు నొక్కాను. అవతల ట్రాక్టరు చప్పుడు.

"బాబూ, మీ రక్తం గ్రూపేంటి?"

"లిస్టుల రాసిలేదా?"

"ఉంది. మీ నోటితో చెప్పండి."

ట్రాక్టరు ఆగింది. 

"ఓ నెగటివ్. యాడికి రావాలె?"

చెప్పాను. ఫోన్ పెట్టగానే ఆమె భర్త తెర మీదికి వంగాడు. ఇప్పుడు సార్ అనలేదు.

"ఇద్దరు గావాలన్నరు. రెండో పేరు సదువు."

వేలిని ఆ వరస కిందికి జరిపాను.