రొట్టె మీద ‘ర’

నంద్యాలలో బి.ఎ. చదివి ఆళ్లగడ్డలో ఇంటిపట్టున ఉన్న నేను అన్న కూతురికి ఆటల్లో అక్షరాలు నేర్పుతుంటే, పని తప్పించుకుంటున్నాననే అనుకుంటారు మావాళ్లు.

ఈ రోజు అమ్మ జొన్నరొట్టె తట్టగానే, మూడేళ్ల చిట్టి ఓ చిక్కుడుకాయను వంచి రొట్టె నెత్తిన తలకట్టులా పెట్టింది.

“ఏందే, తినే రొట్టెతో ఆటలా?” అని అమ్మ కసిరింది.

“ఆట కాదవ్వా, ‘ర’!”

చదువు రాని అమ్మ రొట్టెను పెనం మీద వేయకుండా అలాగే చూసింది. తర్వాత మెల్లగా నన్నడిగింది. “రంగమ్మ అనేదాంట్లో వచ్చే ‘ర’ ఇదేనా పాపా?”

“అదేనమ్మా. నీ పేరు దాంతోనే మొదలు.”

“ఇంతేనా! మరి ఇన్నేండ్లూ నాకు ఎవురూ చెప్పలేదేందే?”

దీనికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి. రేపటి నుంచి ఇద్దరికీ పాఠం చెబుతున్నాను. వంట ఆలస్యమవుతుంది.