ఈశాన్యంలో కానుగ

మా ఊరి పొలాల్లో చెట్టు లేదంటే పట్నం వాళ్ళు నమ్మరు. పల్లెటూరంటే పచ్చగా ఉంటుందని వాళ్ళ ఊహ. మాఘమాసంలో వచ్చి చూడమంటాను. ఏ గట్టు మీద నిలబడి చూసినా ఎర్రటి మిరప కల్లాలు, ఎండిన పత్తి కట్టె, కరెంటు స్తంభాలు. పత్తికి నీడ పనికిరాదు, మిరపకు అసలే పనికిరాదు. నీడలో ఉన్న మొక్క పూత నిలపదని గట్ల మీది చెట్లన్నీ కొట్టేశారు.

"కొట్టేశారు" అని రాసి తప్పించుకోవడం తేలిక. నేనూ కొట్టాను. మా నాన్న పోయి పొలం నా చేతికొచ్చిన ఏడాది నేను చేసిన మొదటి పని, తూర్పు గట్టు మీది రెండు వేపచెట్లు నేలకూల్చడం. ఆ ఏడు కాపు బాగానే వచ్చింది. ఆ ఎండాకాలం మధ్యాహ్నం పూట అన్నం తినడానికి చోటులేక ఎడ్లబండి కింద దూరి తిన్నాను. అలా తిన్నవాడికి ఆ పూటే బుద్ధి రావాలి. నాకు నలభై ఏళ్ళు పట్టింది.

మా ఇల్లూ మా తమ్ముడి ఇల్లూ పక్కపక్కనే. వెనక దొడ్డి ఇద్దరికీ ఉమ్మడి. తొమ్మిది నెలలు అందులో బెండ, గోంగూర, బంతిపూలు. మిగిలిన మూడు నెలలు అదే మా కల్లం. పొలం నుంచి వచ్చిన పండుకాయలు అక్కడే పరిచి ఎండబెడతాం. ఎండాక తాలుకాయలు, అంటే రంగుపోయి తెల్లబడినవి, ఏరడానికి ఆడకూలీలు వస్తారు. పొద్దున కూర్చుంటే పొద్దువాలేదాకా అక్కడే. కాయలకు ఎండ కావాలి కనుక మనుషులకూ ఎండే. ఈ న్యాయం ఎవరు పెట్టారో నాకు తెలియదు.

కిందటేడు ఆ ముఠాకు పెద్ద అయిన మనిషి, ఇరవై ఏళ్ళుగా మా కల్లానికి వస్తున్న ఆవిడ, కాయలు ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయింది. వడదెబ్బ. మోసుకెళ్ళి పడుకోబెడదామంటే దొడ్డి మొత్తంలో నీడ లేదు. నలుగురం పట్టా ఎత్తి పట్టుకుని నిలబడ్డాం. ప్లాస్టిక్ పట్టా కింద ఆవిరి తప్ప చల్లదనం ఎక్కడిది? మజ్జిగ తాగించాక అరగంటకు ఆవిడ లేచి కూర్చుంది. మా తమ్ముడు వచ్చి, "గొడుగులు తెచ్చుకోండమ్మా రేపట్నించి" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "రెండు చేతుల్తో కాయలేరే మనిషి గొడుగు దేంతో పట్టుకుంటుందిరా? నీ నెత్తిన పెట్టుకుని నువ్వు కూర్చో పక్కన!" అన్నాను.

ఆవిడ అంత నీరసంలోనూ నవ్వింది. "చిన్నబాబాయ్ గొడుగు పడతానంటే ఇంకో రెండుసార్లు పడిపోతాను" అంది.

ఆ రోజే అనుకున్నాను, ఈ దొడ్డిలో చెట్టు పెట్టి తీరాలని.

నేను మూడో తరగతిలో బడి మానేశాను. అక్షరాలు మాత్రం నన్ను మానలేదు. కొట్లో సరుకులు కట్టిచ్చిన కాగితం దగ్గర్నుంచి వ్యవసాయం పుస్తకాల దాకా చేతికందిందల్లా చదివాను. చెట్టు ఎక్కడ పెట్టాలో మాత్రం పుస్తకం చెప్పలేదు. దొడ్డి మధ్యలో నిలువెత్తు కర్ర పాతి, దాని నీడ ఏ పూట ఎటు పోతోందో చూస్తూ పిడుగురాళ్ళ సున్నంతో గీతలు గీశాను. కల్లం నడిచిన రోజులన్నీ చూశాను. మాఘంలో, ఫాల్గుణంలో పొద్దు దక్షిణం వైపు నుంచి నడుస్తుంది. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది, సాయంత్రం తూర్పుకి సాగుతుంది. అంటే దొడ్డికి ఉత్తరపు అంచున తూర్పు మూలగా చెట్టుంటే, మనుషులు మాడిపోయే వేళ నీడంతా అంచు మీదే పడుతుంది. కాయల మీద పడదు. ఏరేవాళ్ళు ఆ అంచున కూర్చోవచ్చు.

గీతలు చూపిస్తే మా తమ్ముడు సెల్లు తీశాడు. అందులో ఒక వాస్తు ఆయన మాట్లాడుతున్నాడు.

"విన్నావా అన్నయ్యా? ఈశాన్యంలో బరువుండకూడదంట. చెట్టు పెడితే నైరుతిలో పెట్టాలంట."

"నైరుతిలో పెడితే మధ్యాహ్నం నుంచీ నీడ నేరుగా నీ కాయల మీద పడుద్దిరా. బూజు పట్టిన కాయలు ఆయన కొంటాడా?"

"అయితే అసలు చెట్టే వద్దు. కల్లంలో చెట్టేంది, ఎవడన్నా వింటే నవ్వుతాడు."

"నవ్వనీ. నవ్వేవాడు ఒక్కరోజు వచ్చి కూర్చుని తాలుకాయలు ఏరమను. అప్పుడు నవ్వమను."

ఆ మాట అన్నానే గాని చెట్టు లేదు. మొక్క నాటి పెరిగేదాకా ఆగడానికి నా వయసు ఒప్పుకోదు. అప్పుడు కంటబడింది కానుగ. మా ఊరి రోడ్డు పక్కన తనంతట తానే మొలిచి, మూడేళ్ళలో నాకంటే జానెడు ఎత్తు పెరిగింది. చీమకుర్తి రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు కావడంతో వెడల్పు చేస్తున్నారు. పొక్లెయినరు అప్పటికే ఊరి చివరికి వచ్చింది. అక్కడి సూపర్‌వైజరు పాతికేళ్ళవాడు. "తాతగారూ, ఆషాఢం వెళ్ళేదాకా ఇటు రాం. ఆ తర్వాత మాత్రం ఒక్కరోజు ఆగమన్నా ఆగం" అన్నాడు. అంతే చాలన్నాను.

ఎదిగిన మొక్కను ఒక్కసారే పీకితే చస్తుంది. వేళ్ళకు ముందు నుంచీ అలవాటు చెయ్యాలి. మొదలు చుట్టూ మూరెడు దూరంలో సగం వృత్తం తవ్వి, అడ్డొచ్చిన వేళ్ళు పదునైన కత్తితో కోసి, చివికిన ఎరువూ మట్టీ కలిపి పూడ్చాను. మూడు వారాలాగి రెండో సగం తవ్వాను. ఎంత పొద్దున వెళ్ళినా దారినపోయేవాళ్ళు ఆగేవాళ్ళు. "పెద్దాయనా, నిధి దొరికిందా?" అని ఒకడు. "దొరికింది, నీకు వాటా లేదు పో" అన్నాను.

ఆషాఢం చివరి వారంలో జల్లు పడుతుండగా తీశాం. ముఠా పెద్దావిడ మరో ముగ్గురిని వెంటేసుకొచ్చింది, నేను పిలవకుండానే. మట్టి విడిపోకుండా వేళ్ళ చుట్టూ తడిపిన గోతాలు చుట్టి కొబ్బరితాడుతో బిగించాం. ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే ఆవిడ, "జాగ్రత్తర్రా, బాలింతను ఎక్కించినట్టు ఎక్కించండి" అని కేకలు. దొడ్డిలో తవ్వి ఉంచిన గోతిలోకి దించేసరికి మా తమ్ముడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సరే అన్నయ్యా, నీ మాటే కానీ. ఒక్కటి మాత్రం విను. కాయలు కల్లానికొచ్చే నాటికి ఇది చిగురెయ్యకపోతే నేనే పీకేస్తా. అక్కడిదాకా పట్టా పరుస్తా. మళ్ళీ చెట్టు మాటెత్తకూడదు."

"ఒప్పుకున్నా" అన్నాను, నలుగురి ముందూ.

ఆ తర్వాత చేసిన తప్పు నాది. చెప్పుకోడానికి సిగ్గు లేదు, చెప్పకపోతేనే సిగ్గు. పుస్తకంలో గోతి నిండా ఎరువు వేసి నలభై రోజులు రోజూ నీళ్ళు పొయ్యమని ఉంది. అది రాసినాయన ఏ ఎర్రనేలల్లో పుట్టాడో ఏమో. మాది నల్లరేగడి. ఆ నేలలో గొయ్యి తవ్వితే అది గొయ్యి కాదు, తొట్టి. పోసిన నీళ్ళు ఎటూ పోవు. పైన వాన, కింద నా బిందెలు. రెండు వారాల్లో ఆకులు పసుపెక్కాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకో బిందె పోశాను. మూడో వారానికి ఒక్క ఆకు మిగల్లేదు.

ముఠా పెద్దావిడ వచ్చి చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి మట్టి తీసి వాసన చూసింది.

"బాబాయ్, దీన్ని నీళ్ళతో చంపుతున్నావు."

"పుస్తకంలో..."

"పుస్తకం అవతల పెట్టు. తుపాను పడి మిరప చేలో నీళ్ళు నిలిస్తే ఏం చేస్తావు?"

"కాలవ తీస్తా."

"మరి?"

యాభై ఏళ్ళు మిరప పండించి, చేలో ఒక్కరోజు నీళ్ళు నిలిస్తే పరుగెత్తినవాణ్ణి. ఇంటి వెనక చెట్టుకి అదే నేలని మర్చిపోయాను. పార తెచ్చి గోతికి పల్లం వైపు గండి కొట్టాం. అక్కణ్నుంచి వీధి మురుగుకాలవ దాకా సన్నగా కాలవ తీశాం. రెండు రోజులు కంపుకొట్టే నల్లనీళ్ళు కారాయి. ఆగాక ఇసుక, ఇటుక ముక్కలు వేసి పూడ్చాను.

దీపావళి దాకా అది మోడే. మా తమ్ముడు వారానికోసారి వచ్చి చూసి వెళ్ళేవాడు.

"కట్టెపుల్లకి కాపలా కాస్తున్నావా అన్నయ్యా?"

"కాస్తున్నా. నీకేం పనిలేదా?"

వాడు వెళ్ళాక గోటితో బెరడు గీరి చూసేవాణ్ణి. పైకొమ్మ గీరితే గోధుమరంగు. కిందికి వస్తే పచ్చన. ఆ పచ్చదనం ఎవరికీ చూపించలేదు. చూపిస్తే బతిమాలినట్టుంటుంది. చచ్చిన పైభాగం రంపంతో కోసేశాను. దానితో చెట్టు నా ఛాతీ ఎత్తుకి దిగిపోయింది.

కార్తీకం చివర్లో కోసిన చోటికి బెత్తెడు కింద రెండు మొటిమలు లేచాయి. మాఘం నాటికి రెండు కొమ్మలు, ఒక్కోటి మూరెడు. లేత ఆకులు నూనె రాసినట్టు మెరిశాయి.

ఈ ఏడు కాయలు చేలోనే ఎండిపోయాయి. అవి కల్లానికొచ్చిన రోజు మా తమ్ముడు పట్టా చుట్ట భుజాన వేసుకొచ్చాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది చిగురంటావా? మేక ఒక్క పూటలో తినేస్తది."

"చిగురనే కదరా నువ్వన్నది. ఇంతుండాలని కొలత చెప్పలేదే?"

"అన్నయ్యా, ఈ ఏడు కాపు ఎక్కువ. చోటు చాలదు. ఆ మూల నాక్కావాలి. ఇక ఈశాన్యం సంగతి సరే సరి."

"మాటంటే మాటే. నలుగురి ముందు అన్నావు."

"ఏ నలుగురు?"

"మేమే" అంది ముఠా పెద్దావిడ. అప్పటికే పదిమందీ ఆ అంచున వరుసగా కూర్చుని ఉన్నారు, చెట్టును మధ్యలో పెట్టుకుని. దాని నీడ అప్పటికి చేటంత. అందులో ఒక్క మోకాలు పడుతుందేమో. "చిన్నబాబాయ్, కాయలు పోయించు, ఏరతాం. చెట్టు పీకించాలంటే చెప్పు, లేస్తాం. పక్కూరి వాళ్ళు మనుషుల్లేరని పొద్దున్నించి నాలుగుసార్లు ఫోన్ చేశారు."

కాయలు ఎర్రగా ఎండి ఉన్నాయి. ఏరకపోతే సంచికెత్తడానికి లేదు. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాడు నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూడలేదు, నేల వంక చూడలేదు, వాడి కళ్ళలోకే చూశాను.

"నీ వయసుకి దీని నీడ చూస్తావా అన్నయ్యా?" అన్నాడు, మెల్లగానే.

"చూస్తా. కింద కూర్చుంటా కూడా. ఎప్పుడు పోతానో నువ్వు లెక్కలేసుకోకు."

పది మందీ ఒక్కసారి నవ్వారు. వాడికి మాత్రం నవ్వు రాలేదు. పట్టా విప్పాడు. చెట్టుకి బారెడు దూరంలోనే ఆపి, మిగిలిన అంచు మడిచి లోపలికి తోశాడు. గాలికి లేస్తుంటే రాళ్ళు తెచ్చి బరువు పెట్టాడు, ఒక్కోటి విసురుగా.

నేను సాయం పట్టలేదు. కడుపు చల్లబడిందని కూడా అనను. ఒక్క మూల ఒక్క చెట్టు కోసం ఏడాది పోట్లాడాల్సి వచ్చిన ఊరు ఇది. గోడ పక్కన పెట్టిన గంప తెచ్చి కాయలు పోయడం మొదలుపెట్టాను.