చూడకుండా రాసిన పుట్టుమచ్చ

2010 జూన్‌లో నాకు శేరిలింగంపల్లి మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ అయింది. నేను గణితం స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే ఉన్నత పాఠశాల తరగతులకు లెక్కలు చెప్పేవాణ్ని. మా బడి వరండాలో నిలబడితే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనబడేవి. ఆ మేడలకు కాపలా కాసేవాళ్ల పిల్లలు, వాటిని తుడిచేవాళ్ల పిల్లలు, వాటి ముందు ఉద్యోగులను క్యాబుల్లో దింపేవాళ్ల పిల్లలు మా దగ్గర చదివేవాళ్లు.

మరుసటి ఏడాది నన్ను పదో తరగతి బి సెక్షన్‌కు క్లాస్ టీచర్‌గా వేశారు. తస్లీమ్ ఫాతిమా ఆ సెక్షన్ అమ్మాయి. వాళ్ల నాన్న ఖాజా భాయ్ ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు, తాండూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి. ఆ పిల్ల బుర్ఖాలో వచ్చేది. గేటు దాటగానే దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకునేది. తల చుట్టూ స్కార్ఫు మాత్రం ఉంచుకునేది. తెలుగు మాట్లాడితే అచ్చం మా నల్లగొండ వైపు ఆడపిల్ల మాట్లాడినట్టే ఉండేది.

నిజం చెప్పొద్దూ, ఆ అమ్మాయంటే నాకు ఒకటే కుతూహలం. రంజాన్ నెలలో సాయంత్రం ప్రత్యేక తరగతిలో ముందు బెంచీలో కూర్చుని, నోట చుక్క నీళ్లు లేకుండా లెక్కలు చేసేది. పక్కపిల్లలు బిస్కెట్లు తింటుంటే నేను గదిమాను. ఆమె లేచి, "తిననియ్యిండ్రి సార్, నాకేం పరేషాన్ లేదు" అంది. ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. ఉపాధ్యాయులమూ అందులోకి దిగాం, బడికి తాళం పడింది. బతుకమ్మ రోజుల్లో మా ఆడపిల్లలు రోడ్డు మీదే బతుకమ్మ ఆడి జై తెలంగాణ అన్నారు. తస్లీమ్ కూడా వచ్చి చప్పట్లు కొడుతూ తిరిగింది. గౌరమ్మకు మొక్కే వేళకు మాత్రం పక్కకు జరిగి అందరి చెప్పుల దగ్గర నిలబడింది. మొక్కడం కాగానే మళ్లీ వచ్చి కలిసింది. ఇంతవరకు తనది, ఇక్కడి నుంచి కాదు అని ఆమెకు ఎవరు కొలిచి ఇచ్చారో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మళ్లీ, మతం సంగతి మనకెందుకులే అని ఊరుకున్నాను.

సమ్మె ముగిసి బడి తెరిచేసరికి నామినల్ రోల్స్ నెత్తిమీదికి వచ్చాయి. పదో తరగతి పరీక్ష రాసే ప్రతి విద్యార్థి వివరాలూ ఉండే పట్టిక అది. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మాతృభాష, మాధ్యమం, చివర రెండు పుట్టుమచ్చలు. క్లాస్ టీచర్ స్వయంగా చూసి రాయాలి, ప్రధానోపాధ్యాయురాలు సంతకం చేయాలి. రేపు పరీక్ష హాల్లో ఒకరి బదులు ఇంకొకరు కూర్చున్నారన్న అనుమానం వస్తే తేల్చేది ఆ మచ్చలే. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని బళ్లో పేరు. నా రోల్స్‌లో ఒక్క కొట్టివేత ఉండదని నాకు కొంచెం పొగరు కూడా.

మగపిల్లలు కాలర్లు లాగి, ప్యాంట్లు మడిచి మచ్చలు చూపించారు. ఆడపిల్లలకు ఎప్పుడూ హిందీ మేడం సాయపడేది, ఆ రోజు ఆమె సెలవు. అయినా పిల్లలు ముక్కు మీదివీ, మోచేతి మీదివీ చూపించి వెళ్లిపోయారు. తస్లీమ్ వంతు వచ్చింది. నా చూపు స్కార్ఫు దగ్గరే ఆగిపోయింది. ఈ పిల్లను మచ్చ చూపించమంటే తప్పుగా అనుకుంటుందేమో, ఇంట్లో చెబితే పెద్ద గొడవవుతుందేమో అనిపించింది.

"చూపెట్టాల్నా సార్?" అంది.

"వద్దు బిడ్డా, నువ్వు పో. నేను రాసుకుంట."

ఆమె చేతులు బల్ల మీద పెట్టి ఒక క్షణం అట్లాగే నిలబడింది, తర్వాత వెళ్లిపోయింది. నేను మెడకు కుడి పక్కన ఒకటి, ఎడమ భుజం మీద ఒకటి అని అందంగా రాసేశాను. ఇట్లాంటి కల్పిత మచ్చలు మా వృత్తిలో కొత్త కాదు. ఎవరూ చూడని చోట రాస్తే ఎవరూ అడగరన్నది స్టాఫ్‌రూమ్ ధైర్యం.

మార్చిలో పరీక్షలు వచ్చాయి. ఏ సబ్జెక్టు పరీక్ష రోజు ఆ సబ్జెక్టు టీచరుకు హాల్లో డ్యూటీ వేయరు. అందుకని లెక్కల మొదటి పేపర్ రోజు నాకు పనిలేదు. మా పిల్లల కేంద్రం గేటు బయట నిలబడి ఒక్కొక్కరి వెన్ను తట్టి లోపలికి పంపాను. తస్లీమ్ మీద నాకు పెద్ద ఆశ. గురుకుల జూనియర్ కాలేజీలో సీటు రావాలన్నది ఆమె పట్టుదల. అది గ్రేడులను బట్టి ఇచ్చే సీటు. ఇంట్లో ఉంచి కాలేజీ చదువు చెప్పించరని, గురుకులం రాకపోతే ఈ పిల్ల చదువు ఇంతటితో సరి అని నాకు నేనే తీర్మానించుకున్నాను.

పరీక్ష మొదలై అరగంట అయిందో లేదో అటెండర్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "బి సెక్షన్ సార్ ఎవరు? జల్ది రాండ్రి" అన్నాడు.

ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చింది. ముందు చెప్పకుండా వచ్చి తనిఖీ చేసే బృందాన్ని అట్లా అంటారు. ఆఫీసు గదిలో తస్లీమ్ కూర్చుని ఉంది. ఆమె జవాబు పత్రం స్క్వాడ్ మేడం చేతిలో ఉంది. హాల్ టికెట్ మీద ఫొటో మసిగా వచ్చింది. అందుకని దాని మీద అచ్చయిన మచ్చలు సరిచూడ్డానికి మేడం అప్పటికే ఆ పిల్లను వేరే గదిలోకి తీసుకెళ్లి, స్కార్ఫు తీయించి మెడ చూసింది. మచ్చ లేదు.

"ఈవిడ మీ విద్యార్థినేనా మాస్టారూ?" అంది మేడం. కోస్తా వైపు మాట. "పేరు తస్లీమ్ ఫాతిమా, మాతృభాష ఉర్దూ అని రాసుంది. మాట్లాడే తెలుగు చూస్తే నాకే అసూయగా ఉందండీ. మచ్చలు చూస్తే కలవట్లేదు. ఏం నమ్మమంటారు?"

తస్లీమ్ కుర్చీలోంచి లేచింది. "ఇంట్ల అమ్మీతోని ఉర్దూ మాట్లాడ్త, బడిల తెలుగు మాట్లాడ్త మేడం. ఏది మాట్లాడినా నేనే కద" అంది.

కేసు రాస్తే ఆ పేపరే కాదు, మిగతా పరీక్షలూ పోతాయి. కంప్యూటర్‌లో ఎక్కించినవాళ్ల పొరపాటని చెప్పేస్తే నేను బయటపడేవాణ్ని. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమవుతుంది. అట్లా చెబితే అసలు రోల్ తెప్పించి చూసేదాకా పిల్లను ఆ కుర్చీలోంచి లేవనివ్వరు. సిగ్గు విడిచి చెప్పేశాను: పిల్ల మా పిల్లే, మచ్చలు నేను చూడకుండా రాశాను.

మేడం నన్ను ఎగాదిగా చూసి, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. ముత్యాల దస్తూరి అన్నాను కదా, ఆ కాగితం మీద కోడి కెలికినట్టు వచ్చింది. అసలు మచ్చలు ఎక్కడున్నాయని మేడం అడిగింది. తస్లీమ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. కుడి బొటనవేలి మొదట్లో నువ్వుగింజంత మచ్చ, ఎడమ మణికట్టు మీద ఇంకొకటి. రోజూ నా ముందుకు నోటుపుస్తకం చాచిన చేతులే అవి.

చీఫ్ సూపరింటెండెంట్, అంటే ఆ కేంద్రం పెద్ద, మా ప్రధానోపాధ్యాయురాలికి ఫోన్ చేసి పిల్ల మా బడిదేనని రూఢి చేసుకున్నాడు. అప్పుడుగాని జవాబు పత్రం తిరిగి ఇవ్వలేదు. దాదాపు నలభై నిమిషాలు పోయాయి. పోయిన సమయం కలిపి ఇచ్చే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

పన్నెండింటికి బయటికొచ్చిన తస్లీమ్ నేరుగా నా దగ్గరికి వచ్చింది. "గ్రాఫ్ ఎయ్యలేకపోయిన సార్" అంది. గ్రాఫ్ లెక్క ఆమెకు కొట్టినపిండి. తప్పు నాదమ్మా అన్నాను.

"అడిగితే చూపెడ్తుంటి కద సార్. ఆ దినం చేతులు మీ ముందటనే వెట్టిన. మీరు చూడనే లేదు."



ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది, వివరణ రాసుకున్నాను. మా ప్రధానోపాధ్యాయురాలు మచ్చల సవరణకు పరీక్షల విభాగానికి లేఖ పంపింది. ఫలితాల్లో తస్లీమ్‌కు తెలుగులో అందరికంటే పై గ్రేడు, లెక్కల్లో మాత్రం తక్కువ. గురుకులం జాబితాలో పేరు రాలేదు.

నేను వాళ్లింటికి వెళ్లాను. ఖాజా భాయ్ ముందు తప్పు ఒప్పుకుని, గురుకులం పోయిందని పిల్ల చదువు ఆపొద్దని బతిమాలాను. ఆయన నావైపు వింతగా చూశాడు.

"ఆపుతనని మీకెవరు చెప్పిన్రు సార్? కూకట్‌పల్లి సర్కారీ కాలేజీల ఫారం ఎప్పుడో నింపినం. దూరముంటె నా క్యాబ్ లేదా? సీటు పోయిందని బాధైతే ఉన్నది, అబద్ధం ఎందుకు. గాని జర ఆమెనే అడగకపోయిన్రా?"

అక్కడా నేను అడగకుండానే రాసుకుని వెళ్లానన్నమాట. ఆ ఇంటి గడప మీద నాకు కలిగిన సిగ్గు స్క్వాడ్ ముందు కలిగినదానికంటే ఎక్కువ.

కొన్ని వారాలకు సర్టిఫికెట్లు వచ్చాయి. వాటి మీద కూడా పుట్టుమచ్చలు అచ్చవుతాయి. తస్లీమ్ తీసుకోవడానికి వచ్చినప్పుడు కాగితం వెంటనే చేతికివ్వలేదు. "చేతులు చూపెట్టు బిడ్డా" అన్నాను. ఆమె నవ్వి చేతులు చాచింది. కుడి బొటనవేలు, ఎడమ మణికట్టు, అచ్చుతో సరిచూసి ఇచ్చాను. ధైర్యం తెచ్చుకుని, బతుకమ్మప్పుడు పక్కకు ఎందుకు జరిగావని కూడా అడిగాను.

"ఆడుడు మా దోస్తులతోని సార్, మొక్కుడు అల్లాకు. అందరికి ఎరుకే. మీరొక్కరే అడగలే" అంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ విద్యార్థి మచ్చా చూడకుండా రాయలేదు. ఆడపిల్లలప్పుడు ఒక మేడంను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడున్నాయో వాళ్లనే చెప్పమని, రాసింది వాళ్లతో చదివించి సంతకం తీసుకున్నాను. అడగకపోవడాన్ని నేను మర్యాద అనుకున్నాను. నా జంకుకు పెట్టుకున్న పేరది. పిల్లను అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. అడగనందుకు ఆమెకు ఒక గ్రాఫు, ఒక సీటు పోయాయి.