బయట నిలబెట్టకండి

మంగళవారం వాకింగ్‌లో మీలో చాలామంది నన్నాపి, "ఆ చైనా మామ్మగారు పోయారటగా" అన్నారు. చైనా కాదు, కొరియా. ఇన్నేళ్ళు మన మధ్య తిరిగిన మనిషి, పోయాకైనా దేశం సరిగ్గా చెబుదాం. ఆదివారం నిద్రలోనే పోయారు. వాళ్ళమ్మాయి వచ్చి చెప్పినప్పటినుంచీ నాకు కుదురు లేదు. కాఫీ పెట్టినచోటే చల్లారిపోతోంది.

అమెరికా వచ్చాక ఇక్కడ రెడ్‌మండ్‌లో శనివారాలు పిల్లలకు కొరియన్ నేర్పిన టీచరావిడ. నాకు డెబ్బై దాటాక నాచేత కూడా మా వంటింటి బల్ల మీద అక్షరాలు దిద్దించారు. ఆవిడ ఇంగ్లీషు పొదుపు, నాది ధారాళం.

"ముందు హల్లు. అచ్చు పక్కనో కిందో. చివర హల్లుంటే అడుగున. అన్నీ ఒకే గదిలో. ఒక గది, ఒక పలుకు" అని చదరపు గడి గీసి చూపించేవారు.

చివరి హల్లును నేను పక్కన రాస్తే రబ్బరుతో చెరిపేసేవారు. "బయట నిలబెట్టకండి, చలి." చోటేదంటే, "కొత్తవాళ్ళొస్తే పాతవాళ్ళు జరగాలి." మన వత్తులు చూపిస్తే, "మీవి బేస్‌మెంట్‌లో ఉంటున్నాయే" అని నవ్వారు. నేనూరుకుంటానా? "మీవి అపార్ట్‌మెంట్లు, మావి సొంతిళ్ళు" అన్నాను.

ఒకసారి ఫోన్‌లో టైప్ చేసి చూపించారు. అడుగున హల్లు కుదురుగా కూర్చుంది. తర్వాత అచ్చు నొక్కగానే చటుక్కున లేచి పక్కగదిలో చేరింది. "అది నేనే. పిలిస్తే చాలు, పక్కింటికి" అన్నారు.

కార్డుల పని నేను తీసుకున్నాను. నిన్న ప్రింట్ షాపు నుంచి సంస్మరణ కార్డు నమూనా వచ్చింది. ఫొటో కింద ఆవిడ పేరు ముక్కలై వరసలో నిలబడి ఉంది. మా అల్లుడికి చూపించాను.

"కంప్యూటర్‌లో రెండు పద్ధతులున్నాయి అత్తయ్యా. గది మొత్తానికి ఒకే నంబరు, లేదా లోపలి ఒక్కో అక్షరానికీ ఒక్కో నంబరు. వాళ్ళమ్మాయి పంపిన ఫైల్ రెండో రకం. షాపువాళ్ళ ఫాంట్ వాటిని కలపలేదు." గదులు కట్టి మళ్ళీ పంపాడు.

ప్రింట్ షాపాయన మనవాడే. ఫోన్ చేశాను.

"అక్షరాలన్నీ ఉన్నాయి కదా ఆంటీ, ఎవరు చూస్తారు?"

"నీ కారు ఊడదీసి డ్రైవ్‌వేలో పరుస్తాను నాయనా. అన్నీ ఉంటాయి. డ్రైవ్ చేసుకుని రా."

మళ్ళీ ప్రింట్ చేస్తానన్నాడు. నాకు నమ్మకం లేదు. శనివారం సంస్మరణ సభకు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలంతా వస్తారు. టీచరు పేరు వాళ్ళు అలా చూడకూడదు.

నేను డ్రైవ్ చేయను. శుక్రవారం ఆ షాపు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా కార్డులు తెచ్చిపెట్టండి. కారెక్కకముందే కవరు విప్పండి. మీకు కొరియన్ రానక్కర్లేదు. ఫొటో కింద ఆవిడ పేరు మూడు గదుల్లో ఉండాలి, అంతే. ముక్కలు వరస కట్టి ఉంటే అక్కడే నిలబడి మళ్ళీ వేయించండి. ఆవిడకు చలి పడదు.